దులిపేసిన క్యాసెట్టు

ఈమధ్య లా కాలేజీ పిల్లలు మా ఇంటికి వచ్చి, "సార్, న్యాయచరిత్ర చదవాలంటే ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడుగుతున్నారు. తమిళనాడులోని ధర్మపురి కోర్టులో రికార్డు రూము గుమాస్తాగా బతుకంతా గడిపాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. పిచ్చి పిల్లలు! రికార్డు రూములో పనిచేసినవాడికి తెలిసేది ఏ అటక మీద ఏ కట్ట ఉంది, ఏ కట్ట విప్పితే ఎన్ని తుమ్ములు వస్తాయి అన్నంతవరకే. అయినా అడిగినవాళ్లను ఉత్త చేతులతో పంపలేక, ఎనభైలలో నేను ఇద్దరు పండితులను వెంటబెట్టుకుని మా అత్తగారి ఊరు పిక్కిలికి పోయిన సంగతి చెబుతుంటాను. వాళ్లు రాసుకోవడానికి పెన్ను తీస్తారు. కాసేపటికి మూత పెట్టేసి నవ్వుతూ కూర్చుంటారు. ఆధారం అడిగితే బొరుగుల కథ చెప్పాడీ ముసలాయన అనుకుంటారో ఏమో. అందుకే ఈసారి నేనే రాసి పెడుతున్నాను.

మాది నల్లంపల్లి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధిలో చాలామందికి తెలుగు మాట వచ్చు గానీ అక్షరం రాదు. నాకు మా నాయన పట్టుబట్టి నేర్పించాడు. ఆ పుణ్యానికి కోర్టులో పాత తెలుగు కాగితం ఏది కనబడినా నా బల్ల మీదికే వచ్చేది. "నువ్వే కదయ్యా తెలుగోడివి" అని పడేసి పోయేవాళ్లు.

మా ఆవిడది పిక్కిలి, పెన్నాగరం వైపు. ఆమె నాయనకూ చిన్నాయనకూ ఉమ్మడి బావి ఒకటి ఉంది. ఆ బావి మీద అన్నదమ్ములకు తగవు వచ్చి, అది మా కోర్టులోనే దావాగా నడుస్తోంది. ఆ కట్ట నువ్వు ముట్టుకోకూడదని మా శిరస్తదారు, అంటే గుమాస్తాలందరి మీదా ఉండే పెద్దాయన, నన్ను ముందే హెచ్చరించాడు. ముట్టుకోవలసిన పని నాకేముంది? దావా మొత్తం నడిచి మా ఇంటికే వచ్చేది.

వాయిదా రోజు అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సు ఎక్కేవాళ్లు. ఒకరు ముందు సీటు, ఒకరు వెనక సీటు. కోర్టులో మళ్లీ వాయిదా పడ్డాక ఇద్దరూ భోజనానికి మా ఇంటికే. మామ వీధి వాకిలి నుంచి వచ్చేవాడు. చిన్నమామ పెరటి తలుపు తట్టేవాడు. మా ఆవిడ ముందు గదిలో ఒక ఆకు, వంటింట్లో ఒక ఆకు వేసి, అదే పులుసు రెండు చోట్లా వడ్డించేది. "వానికి పెట్టినావా?" అని మామ మెల్లగా అడిగేవాడు. "ఆయన తిన్న్యాడా?" అని వంటింట్లో నుంచి చిన్నమామ. ఒకరి ఆకలి ఒకరికి కావాలి, మొహం మాత్రం వద్దు. నేను మధ్య గుమ్మంలో నిలబడి మజ్జిగ చెంబు అటూ ఇటూ అందిస్తుండేవాణ్ని.

అంతవరకు నవ్వుకోవచ్చు. నవ్వుకోలేని సంగతి మా పాప చెవులు. మా వాళ్లలో పిల్లకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. మా ఆవిడకు తోడబుట్టిన మగవాడు లేడు, కాబట్టి పుట్టింటి పెద్దల్లో ఒకరు ఒడి పట్టాలి. నా ఒడి అన్నాడు మామ. "ఆ పిల్ల తల్లిని చంకనేసుకుని పెంచింది నేను, నా ఒడి" అన్నాడు చిన్నమామ. ఎవరి ఒడిలో కూర్చోబెట్టినా రెండోవాడు ఇక మా గడప తొక్కనన్నాడు. మా ఆవిడ ఇంకా మొండిది. "ఇద్దురూ ఒకే వాకిట్లో లోపలికి వచ్చిన పొద్దు కుట్టిద్దాం. లేకుంటే అట్లే ఉండనీ" అని కూర్చుంది. పాపకు అయిదో ఏడు నడుస్తోంది. వీధిలో ఎవరో ఒకరు బోసి చెవులు చూసి "మగపిల్లాడా?" అని అడిగేవాళ్లు. మా ఆవిడ వాళ్లకు నవ్వుతూ జవాబు చెప్పి, లోపలికి వచ్చి కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చేది. ఆ ఏడుపు చూసినప్పుడల్లా ఆ బావిని రాళ్లేసి పూడ్చేయాలన్నంత కోపం వచ్చేది నాకు.

ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరూ ఒక మేడమ్మూ మా కోర్టుకు వచ్చారు. ఆయన తమిళుడు, చట్టాల చరిత్ర పాఠం చెప్పేవాడు. ఆవిడ కేరళావిడ, ఆవిడ చదువు మనుషుల ఆచారాల గురించి. ఇద్దరూ కలిసి ఒక పుస్తకం తయారుచేస్తున్నారు. వేరువేరు జనాల న్యాయచరిత్ర చదవాలనుకునేవాళ్లకు ఏ ఆధారం ఎక్కడ దొరుకుతుందో చెప్పే పుస్తకం. ఏ గుడి గోడ మీద శాసనం ఉంది, ఏ మఠంలో తాటాకులు ఉన్నాయి, ఏ కోర్టులో పాత తీర్పులు ఉన్నాయి, అన్నీ అందులోకి ఎక్కాలట.

కలిసి అన్నది పేరుకే. రికార్డు రూములో అడుగుపెట్టింది మొదలు ఇద్దరికీ క్షణం పడేది కాదు. ప్రొఫెసరుకు కాగితం ఉంటే చాలు. ఎలుకలు కొరికిన తీర్పును కూడా పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకునేవాడు. మేడమ్‌కు కాగితం అంటే చులకన, ఆవిడకు మనుషుల నోటి మాట కావాలి.

"రాత లేనిది చట్టం ఎట్లా అవుతుంది?" అనేవాడాయన.

"రాత పుట్టకముందు మనుషులు కొట్టుకోలేదా? కొట్టుకుని మళ్లీ కలవలేదా?" అనేదావిడ.

మధ్యలో దుమ్ముకు ఇద్దరూ కలిసి తుమ్మేవాళ్లు. అప్పుడొక్కటే ఏకాభిప్రాయం.

వాళ్ల రభస వినలేక ఒకనాడు నేనే నోరు జారాను. "మా అత్తగారి ఊళ్లో ఒకప్పుడు కంబళి పంచాయితీ ఉండేది సార్" అన్నాను. ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. నాకు తెలిసినంత చెప్పాను. నల్ల కంబళి పరిచి పెద్దలు దాని మీద కూర్చుంటారు. తగవుపడినవాళ్లు కంబళికి ఆ అంచున ఒకరు, ఈ అంచున ఒకరు నిలబడతారు. ఎవరూ ఏదీ రాయరు. తీర్పు అయ్యాక కంబళి దులిపి మడిచేస్తారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే చెంబులో నీళ్లు తాగాలి.

"చూడాలి!" అంది మేడమ్.

"టేప్ చేయాలి!" అన్నాడు ప్రొఫెసరు. కాగితం మనిషి కదా, టేపు కూడా ఒక రకం కాగితమే అనుకున్నాడు.

కంబళి పరిచి చాలా ఏళ్లయిందనీ, ఇప్పుడందరూ ధర్మపురి బస్సే ఎక్కుతున్నారనీ చెప్పాను. అయితే ఉత్తుత్తి తగవు ఒకటి పెట్టి నటించి చూపించమన్నారు. నాకూ అది బాగానే తోచింది. శిరస్తదారు సెలవిస్తూ, "పండితులు సంతోషంగా తిరిగిపోవాలి. మన కోర్టు పేరు ఎక్కడా వినబడకూడదు" అన్నాడు. ఆయన ఏ పనికైనా ఇదే దీవెన.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ వింది. "నాటకమా?" అంది. నాటకమే అన్నాను. "కంబళి మాత్రం అసలుదే పరుస్తారు కదా?" అంది. అసలుదే, మీ ఊరి పెద్దాయన దగ్గరున్నదే అన్నాను. చేట పక్కన పెట్టి లేచింది. "అయితే నేనూ పాపా కూడా వస్తాము" అంది. పుట్టిల్లు చూసొస్తుందిలే అనుకున్నాను. ఎంత తెలివైనవాణ్నో చూడండి.

పిక్కిలిలో అప్పటికి రాగి కోతలు అయిపోయాయి. ఇళ్ల ముందర చాపల మీద రాగులు ఎండబోశారు. పెద్దాయన, అంటే కంబళి ఎవరింట్లో ఉంటుందో, తమిళం అంతగా రాని ఆ ముసలాయన, మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. సంగతి విన్నాడు. టేప్‌రికార్డరు వైపు చూశాడు.

"అల్లుడా, కంబళి పరిస్తే పరిచినట్లే. ఇది నాటకమని దానికి తెలుస్తాదా?" అన్నాడు.

"ఉత్త కోడి తగవు పెద్దాయనా. ఒకరి కోడి వచ్చి ఇంకొకరి రాగులు తినేసింది అంటాం. తప్పు కింద ఏదో జరిమానా వేసినట్టు చేయండి, నవ్వుకుని లేచిపోదాం."

"నాకేమి? పరస్తా. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. నేను తల ఊపాను. కోర్టులో అంతటి గంభీరమైన హెచ్చరికలు రోజుకు పది వింటాం, ఎవరు పట్టించుకుంటారు?

ఊరంతా చేరింది. కంబళి పరిచారు. మధ్యలో రాగి చెంబుతో నీళ్లు పెట్టారు. పెద్దాయనా ఇంకొందరు ముసలివాళ్లూ కూర్చున్నారు. రాగులు పోగొట్టుకున్నవాడిగా నిలబడటానికి పక్కింటి రైతు ఒకాయన హుషారుగా ముందుకు వచ్చాడు. కోడిగలవాడిగా నిలబడటానికి మాత్రం ఒక్కడూ రాడు.

"నాటకమప్పా, వచ్చి నిలబడు" అంటాను.

"నేను పోను. రేపు బిడ్డకు సంబంధం చూసేటపుడు కోడి తగవులో నిలబడినోడు అంటారు" అంటాడొకడు.

"మా ఇంట్లో కోడే లేదు, అబద్ధమాడాల్నా?" అంటాడింకొకడు.

ప్రొఫెసరు తట్టుకోలేక తానే లేచి కంబళి అంచుకు పోయి నిలబడ్డాడు. పెద్దాయన ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "అయ్యా, నీకు కోడి ఉండాదా?" అని అడిగాడు. నేను తమిళంలో చెప్పాను. లేదన్నాడు. "కోడి లేనోడు యాడ నిలబడతాడు? వచ్చి కూర్చో" అన్నాడు పెద్దాయన. ప్రొఫెసరు వచ్చి కూర్చున్నాడు. మేడమ్ పుస్తకంలో చకచకా రాసుకుంది.

నా పరువు పోయేటట్టుంది. అప్పుడు మా ఆవిడ వాళ్ల నాయన దగ్గరికి పోయి, "నాయనా, నువ్వు పోయి నిలబడు. మీ అల్లుడు ఇంతమందిలో తలకాయ ఎత్తుకోలేక ఉండాడు" అంది. మామ ఒకసారి నన్ను చూశాడు. ఒకసారి ఊరి దారి వైపు చూశాడు. కండువా దులుపుకుని, మెల్లగా పోయి కంబళి అంచున నిలబడ్డాడు. నా మామ మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

ప్రొఫెసరు టేపు నొక్కాడు. కోడి కేసు మొదలైంది. పక్కింటాయన రాగుల గురించి రెండు మాటలు అన్నాడో లేదో, గుంపు వెనక నుంచి చిన్నమామ వచ్చాడు. పొలంలో నుంచి వచ్చినవాడిలా లేడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. నేరుగా వచ్చి పక్కింటాయన్ని భుజం పట్టి జరిపి, ఆ అంచున తాను నిలబడ్డాడు.

"పెద్దాయనా, మా అన్న కంబళి కాడ నిలబడి ఉండాడు. నేను అడగాల్సింది ఒకటి ఉండాది" అన్నాడు.

మామ మొహంలో రంగు పోయింది. నేను లేచి, "చిన్నమామా, ఇది కోడి నాటకం" అన్నాను.

పెద్దాయన నా వైపు చెయ్యి ఎత్తాడు. "అల్లుడా, నువ్వు కూర్చో. కంబళి అంచున నిలబడినోడు, అది మడిచేలోపల ఎవురొచ్చి ఏమడిగినా జవాబు చెప్పాల. మా తాతల కాలం నుంచీ ఇంతే. నేను ముందే చెప్పినా కదా" అన్నాడు.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకు అర్థం కాలేదు. అన్నాళ్లూ ఆ అన్నదమ్ములు కంబళి పరిపించమని ఎందుకు అడగలేదంటే, ముందు అడిగినవాడు దిగివచ్చినట్టు లెక్క. అన్న అడగడు, తమ్ముడు అడగడు. కోర్టుకైతే దిగివచ్చిన బాధ లేదు, బస్సు ఎక్కితే చాలు. ఇప్పుడు కంబళి అడిగింది వాళ్లిద్దరూ కాదు, మద్రాసు ప్రొఫెసరు. ఎవరి మీసమూ వంగలేదు.

తగవు సాగింది. బావి తగవు కోర్టు కాగితాల్లో ఉంది కాబట్టి మీకు చెప్పాను, తప్పు లేదు. కంబళి మీద వాళ్లు అనుకున్నది మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. ఒక్కటి చెబుతాను. ఆ దావా నీళ్ల కోసం వచ్చింది కాదు. ఎప్పుడో ఒక అన్నం పొద్దు, భోజనాల దగ్గర, అన్న అనేసిన ఒక మాట కోసం వచ్చింది. వకీళ్లు అంతకాలం రాసిన కాగితాల్లో ఎక్కడా ఆ మాట లేదు.

మొదట్లో నేను ప్రొఫెసరు చెవిలో తమిళంలో చెబుతూ వచ్చాను. తమ్ముడు ఆ మాట పలికాక నా నోరు మూతబడింది. చిన్నమామ కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను పిల్లను తెచ్చుకున్న ఇల్లు అది, ఎట్లా చెప్పమంటారు? ప్రొఫెసరు మోచేత్తో పొడిచాడు. "ఏమంటున్నాడు? ఏమంటున్నాడు?"

"నీళ్ల సంగతి సార్" అన్నాను.

మామ చాలాసేపు మాట్లాడాడు. ముసలివాళ్లు అడ్డం వచ్చి అడిగారు. గుంపులో ఆడవాళ్లు ముక్కులు చీదుకుంటున్నారు. ప్రొఫెసరు మళ్లీ పొడిచాడు. "ఇప్పుడేమిటి?"

"అదే సార్, నీళ్ల సంగతే."

"నీళ్లకు ఇంతమంది ఏడుస్తారా?"

"ఇక్కడ నీళ్లకు కరువు సార్" అన్నాను.

పెద్దాయన తీర్పు చెప్పాడు. ఒకరోజు అన్నకు, ఒకరోజు తమ్ముడికి నీళ్లు. ఆ అన్నం పొద్దు మాటకు అన్న అందరి ముందరా ఒక జవాబు చెప్పాలి. మామ చెప్పాడు. చిన్నమామ తల దించుకుని విన్నాడు. చెంబు ఎత్తి ఇద్దరి మధ్యా పెట్టారు. కంబళి పట్టుకుని నలుగురు గుంపు బయటికి తీసుకుపోయి నాలుగు మూలలా దులిపారు. దుమ్ము లేచింది.

"ఈడ అనుకున్న మాట ఈడనే రాలిపోయింది. మళ్ల ఎవురైనా ఎత్తినా, చెప్పినా, విన్నా, ఊరికి తప్పు కట్టాల. ఇంటింటికీ బొరుగులూ బెల్లమూ పంచాల" అన్నాడు పెద్దాయన. అని టేప్‌రికార్డరు వైపు చూశాడు. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి.

"ఆ పెట్టె కూడా దులపాల" అన్నాడు.

ప్రొఫెసరు దాన్ని ఒళ్లో పెట్టుకుని చెయ్యి అడ్డం పెట్టాడు. నోటి మాటకు విలువే లేదన్న మనిషికి ఇప్పుడు ఆ క్యాసెట్టు ప్రాణమైపోయింది. నోటి మాటే ముద్దు అన్న మేడమ్‌కు దాన్ని నోటిలోనే వదిలిపెట్టి పోవడం ఇష్టం లేదు. మద్రాసులో బయలుదేరింది మొదలు మొట్టమొదటిసారి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు.

"పెద్దాయనా, ఇది చరిత్ర. మీ తర్వాతి వాళ్లకు కావాలి" అంది మేడమ్. నేను తెలుగులో చెప్పాను.

"చరిత్ర అంటే?"

"జరిగింది మరిచిపోకుండా దాచిపెట్టడం" అన్నాడు ప్రొఫెసరు.

పెద్దాయన నవ్వాడు. "అదే కదయ్యా వీండ్లకు వచ్చిన రోగం. ఇద్దురూ మరిచిపోలేకనే కదా ఇన్నేండ్లు కొట్లాడినారు?"

ప్రొఫెసరు చెయ్యి మాత్రం తీయలేదు. చిన్నమామ చెంబు చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టేశాడు. "పెట్టెలో మాట ఉంటే నేను నీళ్లు తాగను" అన్నాడు. "నేనూ తాగను" అన్నాడు మామ. ఏళ్ల తర్వాత అన్నదమ్ములు ఒక మాట అన్నారు, అదీ ఇట్లాంటిది! ఒక పక్క శిరస్తదారు దీవెన, ఒక పక్క నా కూతురి చెవులు. మా ఆవిడ పాపను ఎత్తుకుని వచ్చి ప్రొఫెసరు ఎదురుగా నిలబడింది. పిల్ల చెవి మీది జుట్టు వెనక్కి తోసి, చేతులు జోడించింది.

ఆయనకేం తెలుసు, ఆ బోసి చెవి సంగతి? నేను చెప్పాను. ఈసారి ఒక్క మాట మింగకుండా తమిళంలో అంతా చెప్పాను. ఆయన మేడమ్ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. టక్కున మూత తెరిచి క్యాసెట్టు తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు.

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల నల్లటి రిబ్బను కనిపిస్తోంది, లాగేస్తాడనే అనుకున్నాను. లాగలేదు. కంబళి దులిపిన చోటికి పోయి, క్యాసెట్టును తలకిందులు చేసి గట్టిగా దులిపాడు. అది గలగలమంది.

"వింటిరా? రాలతా ఉండాది" అన్నాడు. ఊరంతా వింది. ఇంకోసారి దులిపి, బాగా రాలిందని నమ్మకం కుదిరాక తెచ్చి ప్రొఫెసరుకు ఇచ్చేశాడు. "పెట్టె మీది, పెట్టుకోండి. మాట మాది, అది పోయింది. మళ్ల వింటిరా, తప్పు."

అన్న తాగి చెంబు తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడు చుక్క మిగలకుండా తాగాడు. మా ఆవిడ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను మొహం అటు తిప్పుకుని, దుమ్ము పడిందన్నాను.

తిరుగు బస్సులో అడిగాను. "చిన్నాయనకు నువ్వే కదా చెప్పి పంపించింది?"

"ఊ."

"మీ నాయనకు?"

"ఆయనకు చెప్పలేదు. అయినా తెలిసే నిలబడినాడేమో."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కోర్టు మనిషివి. చెప్తే వాయిదా వేస్తావు" అంది.

తర్వాతి వాయిదాకు అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని వచ్చి కోర్టులో రాజీ చెప్పుకున్నారు. వకీళ్లిద్దరూ ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెట్టారు. శిరస్తదారు నన్ను పిలిచి, "ఎవరయ్యా రాజీ చేసింది?" అన్నాడు. "కంబళి సార్" అన్నాను. "అది ఏ సెక్షన్ కింద వస్తుంది?" అన్నాడు. ఆయన నిజంగానే అడిగాడు.

ఆ మధ్యాహ్నం మామా చిన్నమామా కలిసి మా వీధి వాకిట్లో లోపలికి వచ్చారు. పక్కపక్కన ఆకులు వేసింది మా ఆవిడ. నాకు మజ్జిగ చెంబు పని తప్పింది. పాప చెవులు కుట్టడానికి మంచిరోజు చూశారు. ఒడి ఎవరిది? ఆ తగవు మళ్లీ మొదలవుతుందేమోనని భయపడ్డాను. కంసాలి ఆచారి విసుక్కుని, "రెండు చెవులు కదయ్యా!" అన్నాడు. కుడి చెవి మామ ఒడిలో, ఎడమ చెవి చిన్నమామ ఒడిలో కుట్టించాం. మొదటి చెవికి ఏడ్చిన పిల్లను మధ్యలో ఒడి మార్చేసరికి ఇల్లు ఎగిరిపోయింది. పిల్లకంటే ఎక్కువ తాతలిద్దరూ ఏడ్చారు.

కొంతకాలానికి పండితుల పుస్తకం అచ్చయి ఒక కాపీ మాకూ వచ్చింది. శాసనాలు, తాటాకులు, రాగిరేకులు, కోర్టు కట్టలు అన్నీ వరసగా ఉన్నాయి. పిక్కిలి పేరు కింద ఉన్నది ఇంతే: ఒక క్యాసెట్టు, కంబళి పంచాయితీ, దులపబడినది, వినరాదు. అది ప్రొఫెసరు రాశాడో మేడమ్ రాసిందో తెలియదు. ఎవరు రాసినా చట్టం తెలిసి రాశారు.

ఆ తర్వాత కూడా కథ మిగిలి ఉందని నాకు తెలియదు. ఒకరోజు పొద్దున్నే మా వాకిట్లో ప్రొఫెసరు నిలబడి ఉన్నాడు. పక్కన నిలువెత్తు మూట, అందులో బొరుగులు. చేతిలో బెల్లం బుట్ట.

"అమ్మా, ఆగలేకపోయాను. విన్నాను" అన్నాడు మా ఆవిడతో, దొంగతనం చేసి దొరికిన పిల్లవాడిలాగా.

అందరం కలిసి పిక్కిలి పోయాం. పెద్దాయన అప్పటికి బాగా వంగిపోయాడు. నన్నే తర్జుమా చేయమన్నాడు.

"ఎన్ని తూర్లు విన్న్యాడంట?"

"చాలాసార్లు విన్నాడట."

"ఒకతూరి వింటే చాలదా? ఎందుకంట అన్ని తూర్లు?"

ప్రొఫెసరు గొంతు తగ్గించుకుని చెప్పాడు, నేను గట్టిగా చెప్పాను. "తెలుగు కదా, అర్థం కాలేదట."

"ఏమన్నా అర్థమయిందా లేదా?"

ప్రొఫెసరు నా వైపు చూసి, చాలా కష్టపడి, తెలుగులోనే అన్నాడు. "నీళ్ల సంగతి."

మామ నవ్వాడు, చిన్నమామ నవ్వాడు, పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఊపిరి ఆడాక తీర్పు చెప్పాడు. "అర్థం కానోనికి తప్పు లేదు. అయితే వచ్చిన బొరుగులు వెనక్కి పోకూడదు. కూర్చో అయ్యా, తిందాం." ఇంటింటికీ పంచి, మిగిలింది అందరం కలిసి తిన్నాం. బస్సు దగ్గర ప్రొఫెసరు నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడైనా చెప్పవయ్యా, ఏమన్నాడు?" అన్నాడు.

"మూట ఖాళీ అయిపోయింది సార్" అన్నాను.

ఇప్పుడు పెద్దాయన లేడు, మామా చిన్నమామా లేరు. కంబళి ఎవరి ఇంట్లో ఉందో, చిమటలు తినేశాయో తెలియదు. మా ఆవిడకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా వింది.

"కంబళి మీది మాట ఒక్కటైనా ఎత్తినానా? చెప్పు" అన్నాను.

"ఎత్తలేదు. అయినా అన్నం పొద్దు దాకా పోయినావు" అంది. "రేపు బొరుగులూ బెల్లమూ తీసుకురా."

"ఎవరికి కడతామే తప్పు? అడిగేవాళ్లు ఎవరున్నారు అక్కడ?"

"అడిగేవాండ్లు లేకుంటే ఏమి? ఇండ్లు ఉండాయి కదా" అంది, కళ్లు తుడుచుకుంటూ. "ఈ సాకుతోనన్నా మా ఊరికి ఒకతూరి పోయొద్దాం."

మూట పెద్దదే కొన్నాను. రేపు పొద్దున బస్సుకు పోతున్నాం.